నేను ఎరేటర్‌ని

మూసీ ఒడ్డున ఒక మురుగు శుద్ధి కేంద్రం. దాని ప్రహరీ పక్కన, తుమ్మచెట్టు కింద తుప్పుపట్టి పడి ఉన్న ఇనుప రెక్కల చక్రాన్ని నేను. నన్ను ఎరేటర్ అంటారు. ఎక్కడ పోత పోశారో, ఏ లారీలో తెచ్చారో చెప్పి మీ సమయం తీసుకోను. నేను చేసిన పని వినండి.

1908 మూసీ వరదల తర్వాత నిజాం పిలిస్తే వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదుకు ఎగువన జలాశయాలతో పాటు భూగర్భ డ్రైనేజీకీ ప్రణాళిక వేశారు. వరదను, మురుగును కలిపి ఆలోచించిన ఆ పెద్దాయనంటే నాకు గౌరవం. మీ స్నానాల గదుల నీళ్లు, వంటింటి నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు అలాంటి భూగర్భ గొట్టాల్లోనే మా దగ్గరికి చేరతాయి. జాలీలు చెత్తను ఆపుతాయి, ఇసుక ఒక తొట్టిలో దిగుతుంది. ఆ తర్వాత వచ్చేది నా తొట్టి.

అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లకు కోట్లు. మలినాన్ని తినేది అవే, నేను కాదు. తినాలంటే వాటికి ప్రాణవాయువు కావాలి. 30 డిగ్రీల వేడిలో మంచినీరే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి దాన్ని పట్టి ఉంచలేదు. మురుగులో ఆ మాత్రం కూడా మిగలదు. నేను నీటిని గొడుగులా పైకి చిమ్మి, గాలి కలిపి, లీటరుకు 2 మిల్లీగ్రాములైనా ఉండేలా చూసేదాన్ని. కడుపు నిండిన సూక్ష్మజీవులు ముద్దకట్టి పక్క తొట్టిలో అడుగుకు దిగేవి, పైన తేరిన నీరు మూసీలోకి పోయేది. నీటిలోని మలినం ఎంత ప్రాణవాయువును మింగుతుందో లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే లెక్క బీఓడీ. వచ్చేటప్పుడు 200 దాకా ఉన్న ఆ లెక్క, పోయేటప్పుడు 20కి దిగిన రోజు నాకు పండగే.

నా బాధ కరెంటు దగ్గర మొదలైంది. ఇలాంటి కేంద్రాల్లో ఖర్చయ్యే కరెంటులో సగమో, అంతకు మించో గాలి కలిపే పనికే పోతుంది. బిల్లు తగ్గించాలని రాత్రిళ్లు నన్ను ఆపేసేవారు. కొన్ని గంటలకే నా తొట్టిలో ప్రాణులు ఊపిరాడక విలవిలలాడేవి. బురద నల్లబడేది, కుళ్లిన కోడిగుడ్ల కంపు లేచేది. పెద్దలు తనిఖీకి వచ్చే వేళకు నన్ను మళ్లీ తిప్పేవారు. రాత్రి దెబ్బతిన్నవి తేరుకోవడానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ నది మురుగే తాగేది.

అంతలో జాలీ కూడా విరిగింది. జుట్టు, గుడ్డపీలికలు, శానిటరీ న్యాప్‌కిన్లు వచ్చి నా రెక్కలకు చుట్టుకున్నాయి. ఒక ముసలి ఆపరేటర్ గేర్‌బాక్స్ మీద చెయ్యి పెట్టి చూసి, "కాలిపోతోంది సార్, ఆయిల్ లేదు" అని ఎన్నోసార్లు మొరపెట్టుకున్నాడు. కాగితం పైకి వెళ్లింది, ఆయిల్ కిందికి రాలేదు. బేరింగ్ అరిగింది, గేరు పళ్లు విరిగాయి. రిపేరు చేయిస్తామంటూ క్రేనుతో లేపి ఇక్కడ పడేశారు. రిపేరుకు ఎవరూ రాలేదు, తుక్కు కొనేవాడు కూడా రాలేదు. వానలు మాత్రం ఏటా వస్తున్నాయి.

నా చోట ఇప్పుడు తొట్టి అడుగున సన్నని బుడగలు వదిలే డిఫ్యూజర్లున్నాయి. అవి నాకంటే తక్కువ కరెంటుతో ఎక్కువ గాలి కలుపుతాయి. వాటి మీద నాకు అసూయ లేదు. వాటికి గాలి నెట్టే బ్లోయర్లను కూడా రాత్రిళ్లు ఆపేస్తారేమోనన్నదే నా భయం.

ఇక్కడ పడి ఉన్నందుకు రోజూ చూడాల్సి వస్తున్నది ఇంకొకటుంది. ప్రహరీ అవతలి నాలా మా గడప తొక్కకుండానే నురగలు కక్కుతూ నదిలో పడుతోంది. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ 3 దాటకూడదని మన దేశంలో ప్రమాణం ఉంది. మరి ఈ మురుగు కలిసిన మూసీ సంగతి? దిగువన ఆ నీళ్లతోనే రైతులు వరి వేస్తున్నారు, పశువులకు గడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు ఈ నగరానికే వస్తున్నాయి. మిగిలిన నీరు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. నన్ను పారేసినందుకంటే, కట్టిన కేంద్రం పక్కనే ఉండగా మురుగును ఇలా వదిలేసినందుకే నాకు ఎక్కువ కడుపుమంట.

మీ కాలనీ నాలా ఏ శుద్ధి కేంద్రానికి చేరుతుందో మీ కార్పొరేటరును అడగండి. చేరుతుందంటే, అక్కడ రాత్రిపూట కూడా గాలి ఆడుతోందా అని అడగండి. గుడ్డలు, న్యాప్‌కిన్లు మరుగుదొడ్డిలో వేయకండి.