కృష్ణా లంకల క్రూయిజ్: తీరదినం కరదీపిక

తీరదినం అంటే క్రూయిజ్ ప్రయాణికుడు ఓడ దిగి నేల మీద గడిపే రోజు. హవాయి యాత్రలో గిరాకీ అంతా దీనికే. హోనొలులులో ఓడ ఎక్కినవారు మావీ దీవిలో కహులుయి దగ్గర, పెద్ద దీవిలో హిలో, కోనాల దగ్గర, కవాయి దీవిలో నవిలివిలి దగ్గర దిగుతారు. కోనాలో పెద్ద ఓడ ఆనడానికి రేవు చాలదు. అది నడినీళ్లలో లంగరు వేస్తే జనాన్ని చిన్న పడవల్లో గట్టుకు చేరుస్తారు. పొద్దున దిగినవారు అగ్నిపర్వతమో జలపాతమో చూసుకుని సాయంత్రం చెప్పిన వేళకు మళ్లీ ఓడ ఎక్కాలి. దీవి, నడినీళ్లు, చిన్న పడవ, గట్టు, సాయంత్రం తిరుగు ప్రయాణం: ఈ అయిదూ బాపట్ల జిల్లా కొల్లూరు మండలంలో ఎప్పటినుంచో ఉన్నాయి. లేనిదల్లా ప్రచారమే.

2024 సెప్టెంబరు 30న ముంబై రేవులో కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ‘క్రూయిజ్ భారత్ మిషన్’ను ప్రారంభించారు. 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తారట. సముద్ర క్రూయిజ్‌లకు 10 టెర్మినళ్లు, నదీ క్రూయిజ్‌లకు 100 టెర్మినళ్లు, మరో అయిదు మెరీనాలు వస్తాయట. ఈ లెక్క కట్టినవారు కృష్ణా నది నడిమి దీవులైన కొల్లూరు లంకలను మరిచిపోయారు. సరిగ్గా నాలుగు వారాల ముందు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. 1957లో వాడుకలోకి వచ్చిన ఆ బ్యారేజీ అంత నీటిని ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో పోతార్లంక, పెసర్లంక, చింతర్లంక, చిలుమూరులంక, ఈపూరులంక జనం చుట్టూ నీళ్లతో నదీవిహారంలోనే ఉన్నారు. మిషన్ పుట్టకముందే దాని లక్ష్యంలో కొంత నెరవేర్చిన ఈ ప్రయాణికుల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ కరదీపిక.

ఓడ. కృష్ణా లంకల క్రూయిజ్‌లో లంకే ఓడ. హవాయిలో ఓడ కదులుతుంది, దీవి నిలిచి ఉంటుంది. ఇక్కడ ఓడ నిలిచి ఉంటుంది, నది కదిలి వస్తుంది. ఇంధనం ఖర్చు లేదు. ఓడకు మూడు అంతస్తులు. కింది అంతస్తులో అరటి, పసుపు, కంద, తమలపాకు తోటలు ఉంటాయి. నీరు ముందు చేరేది వాటిలోకే. నడి అంతస్తు ఇల్లు. పై అంతస్తు డాబా. డాబా ఉన్నవారిని మొదటి తరగతి ప్రయాణికులుగా పరిగణించాలి. వారు బియ్యం బస్తా, గ్యాస్ బండ, ముసలివాళ్లతో పైకెక్కి నాలుగు దిక్కులా నదీ దృశ్యం చూడవచ్చు. పాకల్లో ఉన్నవారికి పై అంతస్తు కేటాయించలేదు. వారు పక్కింటి డాబా మీద సర్దుకోవాలి.

కెప్టెన్. ఓడను నడిపేది బ్యారేజీ గేట్లు. నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. మామూలు ఓడల్లో బయల్దేరేముందు మోగించే గంట లాంటివే ఇవి. మొదటి గంటకు రైతు మోటారు విప్పి గట్టుకు చేరవేస్తాడు. రెండో గంటకు గొడ్లను విప్పి తోలతాడు. 2024లో నీరు రెండో హెచ్చరికకు రెట్టింపు వచ్చింది కాబట్టి నాలుగో గంట కూడా మోగాలి. ఆ గంట ఇంకా తయారు కాలేదు.

ఎక్కడం. ఈ క్రూయిజ్‌లో ప్రయాణికుడు ఓడ ఎక్కనక్కరలేదు. దోనేపూడి నుంచి పోతార్లంక వెళ్లే లోలెవెల్ చప్టా మీదికి నీళ్లు రాగానే ఎక్కడం పూర్తయినట్టే. నిచ్చెన తీసేశారని అర్థం. అప్పటికి లంకలో ఉన్నవారు ప్రయాణికులు, గట్టున ఉన్నవారు వీడ్కోలు చెప్పేవారు. ఈ తేడా ఒక్కోసారి ఒకే ఇంట్లో మొగుడికీ పెళ్లానికీ మధ్య వస్తుంది.

తీరదినం, ఉదయం. తెల్లవారుతూనే జనం రేవులో చేరతారు. రేవు అంటే నిన్నటిదాకా అరటితోట గట్టు. కోనాలో నడిచే చిన్న పడవలకు బదులు ఇక్కడ ఎన్డీఆర్ఎఫ్ వాళ్ల రబ్బరు పడవలు, చేపలు పట్టేవాళ్ల నాటు పడవలు నడుస్తాయి. నిండు గర్భిణులు, పసిబిడ్డలు, మంచం పట్టినవారు ముందు ఎక్కుతారు. వెంట తెచ్చుకోదగిన సామాను ఒక్కటే: యూరియా బస్తా లోపలి పాలిథిన్ సంచిలో చుట్టిన ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం. ఆ చుట్టకు చీర అంచు చింపి కట్టిన పీలిక ముడి ఉంటుంది. ఆ ముడిని తీరంలో కనీసం మూడు చోట్ల విప్పాల్సి వస్తుంది కాబట్టి గట్టిగా బిగించకూడదు. గేదెలకు పడవ ప్రవేశం లేదు. అవి మెడలోతు నీళ్లలో తలలెత్తి తమ దారిన తాము ఈదుకుంటూ రావాలి.

గట్టు. ఓడ దిగే చోటు కృష్ణా కుడి కరకట్ట. ఇతర రేవులకు కాపలాదారులు ఉంటారు. కరకట్టకు ప్రయాణికులే కాపలా. వరద పోటెత్తిన రాత్రి ఊరి కుర్రాళ్లు ట్రాక్టర్లలో ఇసుక బస్తాలు తెచ్చి, చార్జి లైట్ల వెలుగులో, నీరు చెమ్మగిల్లుతున్న చోటల్లా పేరుస్తారు. దీన్ని యాత్రలో భాగమైన వ్యాయామ కార్యక్రమంగా గుర్తించాలి. 2009 అక్టోబరులో భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర ఈ కట్ట తెగింది. అప్పుడు రేపల్లె వైపు ఊళ్లు ఊళ్లే, ఎవరూ అడగకుండా, క్రూయిజ్‌లో చేరిపోయాయి. ప్రయాణికుల సంఖ్యను ఒక్క రాత్రిలో రెట్టింపు చేయడానికి అంతకు మించిన పద్ధతి ఏ మిషన్ దగ్గరా లేదు.

స్వాగతం, భోజనం. హవాయిలో దిగిన ప్రయాణికుడి మెడలో పూలదండ వేస్తారు. కరకట్ట మీద దండ ఉండదు, ఫొటో ఉంటుంది. పరామర్శకు వచ్చిన నాయకుడు మధ్యలో నిలబడతారు. ప్రయాణికుడు పులిహోర పొట్లం పట్టుకుని, పొట్లం కెమెరాకు కనిపించేలా, పక్కన నిలబడాలి. ఖర్చులన్నీ కలిసిన ప్యాకేజీ కాబట్టి పులిహోర, నీళ్ల ప్యాకెట్, బిస్కెట్ల పొట్లం ఉచితం. పొద్దుటి పొట్లం మధ్యాహ్నానికి, మధ్యాహ్నపు పొట్లం చీకటి పడ్డాక అందుతుంది. బస హైస్కూలు గదుల్లో. నల్లబల్ల మీద వరద రాకముందు వేసిన పాఠం అలాగే ఉంటుంది; చదువుకునే వీలు కూడా కల్పించారన్నమాట.

చూడదగిన ప్రదేశాలు. మొదటిది కొల్లూరు మండల కార్యాలయం. ఇక్కడ వరసలో నిలబడితే ఫలానా కాగితం లేదని తెలుస్తుంది. రెండోది తెనాలి ఆసుపత్రి; పాము కరిచినవారికీ జ్వరం వచ్చినవారికీ ప్రత్యేక యాత్ర. మూడోది ఇటుక బట్టీలు. కొల్లూరు ఇటుకకు పేరుంది. ఆ ఇటుకలో ఉన్నది ఏటి ఒండ్రు మట్టే. తవ్వగా తవ్వగా లంక ఎంత పల్లమైందో, నీరు అంత సులువుగా ఎక్కుతుంది. ప్రయాణికుడు తన ఓడ తాలూకు ముక్కలను ఇటుకల రూపంలో చూసుకోగల అవకాశం మరే క్రూయిజ్‌లోనూ లేదు. నాలుగోది కోహినూర్ వజ్రం పుట్టిన గని అని ఎవరైనా చెబితే నమ్మకూడదు. ఆ కొల్లూరు పల్నాటిలో ఉంది. అదీ పులిచింతల జలాశయం కిందికి పోయింది కాబట్టి, పేరు పంచుకున్న ఊళ్లు నీళ్లను కూడా సమానంగానే పంచుకున్నాయి.

తీరదినం రద్దు. తీరం కనిపిస్తున్నా దిగనివ్వని సందర్భాలు క్రూయిజ్‌లలో ఉంటాయి. 2022 జూన్‌లో విశాఖ నుంచి వెళ్లిన ఎంప్రెస్ నౌకకు పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ప్రయాణికులు ఓడలోనే ఉండిపోయారు, పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. లంకల్లో పడవ రాని రోజు కూడా ఇదే జరుగుతుంది. ఓడలో ఈతకొలను మాత్రం అన్ని గదుల్లోనూ ఉంటుంది.

తిరుగు ప్రయాణం. హవాయిలో వేళ దాటి వచ్చినవాణ్ని వదిలేసి ఓడ వెళ్లిపోతుంది. ఇక్కడ ఓడ ఎక్కడికీ వెళ్లదు; వెళ్లేది ఓడలోని సరుకు. నీరు తీశాక ప్రయాణికుడు ఇంటికి చేరేసరికి గడప మీద జానెడు బురద, తోటలో ఇసుక మేట. కంద దుంప నేలలోనే కుళ్లి ఉంటుంది. పసుపు ఆకు పచ్చగానే ఉంటుంది గానీ మొక్క పీకితే దుంప వేళ్ల మధ్య జావలా చిదుగుతుంది. అరటి గెలలు వేసిన చెట్లు ఒకే దిక్కుకు ఒరిగి పడి ఉంటాయి. ఈ భాగానికి కరపత్రాల్లో బొమ్మలు వేయరు.

బీమా, పరిహారం. యాత్రలో నష్టపోయినవారికి పరిహారం ఉంది. 2024 సెప్టెంబరు వరదకు అరటి, పసుపులకు హెక్టారుకు 35 వేల రూపాయలు ప్రకటించారు. ఎకరానికి 14 వేలు. అది చేరాలంటే ప్రభుత్వ పంటల నమోదు జాబితా ఈ-క్రాప్‌లో పేరుండాలి. లంకల్లో చాలా చోట్ల సేద్యం చేసేది కౌలుదారు. అతని పేరు ఎక్కాలంటే కౌలు కార్డు కావాలి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందని యజమాని పెట్టడు. కాబట్టి గెల కోసేవాడు ఒకడు, పరిహారం తీసుకునేవాడు ఒకడు. కౌలు మాత్రం మునిగిన తోటకూ కట్టాల్సిందే.

ఈ పద్దు దగ్గర ప్రయాణికుడనే మాట ఇక చెల్లదు. తోట పోయి, అప్పు మిగిలి, పేరు జాబితాలో లేక, ఆ యూరియా సంచి కాగితాలు చేత పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి విహారానికి రాలేదు. ఆ మనిషిని ముంచింది నది ఒక్కటే కూడా కాదు. చప్టా ఎత్తు చాలదని ఇంజనీర్లకు తెలుసు. కరకట్ట ఎక్కడ బలహీనమో 2009లోనే నది స్వయంగా చూపించింది. లంక మట్టి పగలు కూడా లారీలెక్కుతున్నదని దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. తెలిసి వదిలేసినదాన్ని విపత్తు అని పిలిచి పులిహోర పొట్లంతో చెల్లుచీటీ రాయడం సిగ్గుమాలిన పని. వరద వచ్చిన నెలలోనే నదుల మీద సరదా ఓడలకు వంద రేవులు కడతామని వేదికెక్కి చెప్పడం అంతకు మించిన పని.

విశాఖలో క్రూయిజ్ టెర్మినల్‌కు సుమారు 96 కోట్లు దొరికాయి. 2023 సెప్టెంబరులో ప్రారంభమూ అయింది. విహారానికి వచ్చేవాడు కాలు తడవకుండా దిగాలి, తప్పు లేదు. వరదొస్తే మునిగే లంకవాడు కూడా కాలు తడవకుండా కొల్లూరు చేరాలి. దానికి కావలసినవి నాలుగే: వరద మట్టానికి పైన వంతెన, వచ్చే వరదకు ముందే పటిష్ఠమైన కరకట్ట, మట్టి తవ్వకాలకు అడ్డుకట్ట, యజమాని సంతకంతో పని లేకుండా సాగుదారు పేరే రాసుకునే జాబితా. ఇవి జరిగేదాకా కృష్ణ మీద కట్టే ఏ టెర్మినల్‌కైనా మొదటి ప్రయాణికులు కొల్లూరు లంకల జనమే. టికెట్ డబ్బు వాళ్లు ఎప్పుడో కట్టేశారు.