హార్డ్ డిస్కు భంగిమ: సటీకాతాత్పర్యం

నిలిచియున్న నేమి, నిద్రించి యుండిన
నేమి, డిస్కు తిరుగు నెట్టులైన;
మరల బిగువులేమి, మంటయు, వణుకును
చేటు దెచ్చు దాని చేవ చెరిచి.

అవతారిక: ఈ పద్యానికి రంగస్థలం వైశాలి. అంటే లిచ్ఛవుల రాజధాని కాదు, ఢిల్లీని ఆనుకొని గాజియాబాదులో ఉన్నది, 2011లో మెట్రో బ్లూ లైన్ చేరినది. అక్కడి అపార్ట్‌మెంట్ల కాపలాగదుల్లో, సీసీటీవీ దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టెల లోపల, రాత్రింబవళ్లు తిరిగే డిస్కు ఈ పద్యానికి నాయకుడు.

టీక: నిలిచియున్న అనగా అంచు మీద నిలబెట్టిన, నిద్రించి యుండిన అనగా వెల్లకిలా పెట్టిన, ఎట్టులైన అనడంచేత బోర్లా పెట్టినదీ గ్రాహ్యమే, మర అనగా స్క్రూ, చేవ అనగా మన్నిక.

తాత్పర్యం: డిస్కును చెరిచేది దాని భంగిమ కాదు, వదులైన స్క్రూలు, వేడి, కంపనం.

వ్యాఖ్య: నిలబెడితే పళ్లేల మీది రాత చదివే హెడ్డు తన బరువుకే పక్కకు ఒరగదా అని పూర్వపక్షం. ఒరగదు, నిమిషానికి 5400 లేక 7200 చుట్లు తిరిగే పళ్లెం పుట్టించే గాలిపొర హెడ్డును కొన్ని నానోమీటర్ల ఎత్తున తేల్చి ఉంచగా, పైనుంచి స్ప్రింగు దానిని అదిమి పడుతుంది కనుక, ఆ రెండు బలాల నడుమ హెడ్డు సొంత బరువు లెక్కకు రాదు. డేటాను దాచిపెట్టే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2009లో వివరాలు వెల్లడించిన నిల్వ పెట్టెలో 45 డిస్కులు నిలువుగానే కొలువుతీరాయి. అయితే పూర్వపక్షం పుట్టుక నిరాధారం కాదు. 1980ల నాటి డిస్కుల్లో చాలావాటిలో హెడ్డును అంచెలంచెలుగా కదిలే స్టెపర్ మోటారు గుడ్డిగా నడిపేది. ఫార్మాట్ చేసిన భంగిమ మారితే హెడ్డు పాత జాడకు రవ్వంత పక్కన నిలిచేది కాబట్టి, వాడే భంగిమలోనే ఫార్మాట్ చేయమనేవారు. నేటి డిస్కు పళ్లెం మీదే ఉన్న సర్వో గుర్తులను చదువుతూ దారి సరిదిద్దుకుంటుంది. కారణం పోయినా నియమం మాత్రం పెద్దల నోట నిలిచింది.

మంట అనగా వైశాలి వేసవి ఎండ అని కొందరి మతం. అది అసంపూర్ణం, చాలా డిస్కులకు తయారీదారులు పెట్టిన హద్దు 60 డిగ్రీలు కాగా, ఎండ ఒక్కటే అంత దూరం పోదు, ఇన్వర్టరు నెత్తిన గాలాడని మూల పెట్టిన డీవీఆర్ మిగతా దూరం పూర్తిచేస్తుంది. వణుకు వేరే దోషం కాదు, బిగువులేమికి సంతానమే. వదులుగా అదిరే డిస్కులో హెడ్డు జాడ తప్పి, అదే రాతను మళ్లీ మళ్లీ వెతుకుతుంది. గాలితో పనిచేసే డిస్కు మీద మూయరాదని ముద్రించిన చిన్న రంధ్రాన్ని కవి విడిచిపెట్టడం మాత్రం క్షమార్హం కాని లోపం.

ఎట్టులైన అన్న అనుమతి కదలక ఉన్న డిస్కుకే గాని, అది తిరుగుతుండగానే పెట్టెను పైకెత్తి దుమ్ము తుడిచేవారికి వర్తించదు.