అద్దం మీద బొట్టు నిలబెట్టు విధానము

అద్దం మీద బొట్టు అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది స్టిక్కర్ బొట్టు. రాత్రి మొహం కడుక్కునేటప్పుడు తీసి అద్దానికి అంటిస్తారు. ఏ శిక్షణా లేకుండా అది నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఈ విధానం దాని గురించి కాదు, నీటిబొట్టు గురించి. గాజు మీద ముత్యంలా ఉబ్బెత్తుగా నిలబడి, కడుపులో ఒక పువ్వును దాచుకుని కెమెరాకు దొరికే బొట్టు. అలాంటి ఫోటో చూసి "ఇందులో ఏముంది, గాజు, నీళ్లు, అంతేగా!" అని మీకు అనిపించిందా? అయితే ఇది మీకోసమే. నాకూ అలాగే అనిపించింది. విజయవాడలో, మే నెలలో, ఒక ఆదివారం పొద్దున.

కావలసిన పదార్థాలు

గాజు పలక: ఒకటి. నీళ్లు: రెండు చెంచాలు. గ్లిజరిన్: చిన్న సీసా. మైనం: చిటికెడు. మాక్రో లెన్సు ఉన్న కెమెరా: సొంతమైనా సరే, బావమరిదిదైనా సరే. స్టీలు గ్లాసులు: నాలుగు. పువ్వు: ఒకటి. ఓర్పు: తగినంత. మీ దగ్గర లేకపోతే ఇంట్లోవాళ్ల దగ్గర అప్పు తీసుకోవచ్చు.

1. గాజు సంపాదించుట

దుకాణానికి వెళ్లకండి. కళాకారుడు ఇంట్లోనే వెతుక్కుంటాడు. దేవుడి పటాల జోలికి వెళ్తే పాపం. మామగారు బహూకరించిన గోడగడియారం జోలికి వెళ్తే అంతకంటే పెద్ద పాపం. ఇక మిగిలేది పెళ్లి ఫోటో. గాజు పెద్దది, మందమైనది, పైగా ఆ గోడవైపు ఎవరూ చూసి ఏళ్లయింది. వెనక మేకులు వంచి గాజును మెల్లగా లాగండి. ఫోటోను పక్కన బల్ల మీద ఉంచండి. దానితో ముందు ముందు పని ఉంది.

2. గాజును శుభ్రపరచుట

ఈ ప్రయత్నంలో ఓడిపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు కాబట్టి చాలా శ్రద్ధగా చేయండి. అంట్ల సబ్బుతో ఒకసారి, షాంపూతో ఒకసారి రుద్ది, ఎండలో పెట్టి, పాత కాటన్ పంచెతో తుడవండి. తళతళలాడుతున్న ఆ గాజు మీద ఒక్క బొట్టు వేయండి. అది నిలబడదు. వేసవి మధ్యాహ్నం చాప దొరికినవాడిలా కాళ్లూ చేతులూ బారజాపి పడుకుంటుంది. శుభ్రత చాల్లేదనుకుని మీరు మళ్లీ కడుగుతారు. ఈసారి ఇంకా హాయిగా పడుకుంటుంది.

కారణం హైస్కూల్లో చదువుకున్నదే. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఉపరితలం మీద ఆ పట్టునే తలతన్యత అన్నారు. 20 డిగ్రీల దగ్గర అది మీటరుకు దాదాపు 73 మిల్లీన్యూటన్లు. నీటిని గుండ్రంగా ఉంచేది అదే. కానీ శుభ్రమైన గాజు ఉపరితలం నిండా హైడ్రాక్సిల్ జట్లు ఉంటాయి. అవి నీటికి సొంతవాళ్లకన్నా దగ్గరి చుట్టాలు. చుట్టాలిల్లు కనపడగానే నీరు పరుచుకుంటుంది. బొట్టు అంచు గాజుతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఆ లెక్కను 1805లో థామస్ యంగ్ అనే ఇంగ్లీషాయన తేల్చాడు. మచ్చలేని గాజు మీద ఆ కోణం సున్నాకు దగ్గర. ఇక సబ్బు కాస్త మిగిలిపోయిందా, నీటికున్న ఆ పట్టు కూడా సగానికి సగం సడలిపోతుంది.

నా సంసార జీవితంలో ఒక వస్తువును ఇంత శుభ్రంగా కడగడం అదే మొదలు. అందుకు దక్కిన ఫలితం ఇది.

సరిగ్గా ఇదే సమయంలో మీ వంటింట్లో, స్టవ్ పక్కన పోపుల జిడ్డు పట్టిన కిటికీ అద్దం మీద, కూరగాయలు కడుగుతుంటే చిందిన నీళ్లు ముత్యాల్లా వరసకట్టి ఉంటాయి. అటు చూడకండి. మనసు పాడవుతుంది.

బొట్టు కట్టడం అందరికీ వరం కాదని కూడా తెలుసుకోండి. వానలో వైపర్ మొరాయించిన లారీ డ్రైవరు సిగరెట్ విప్పి ఆ పొగాకును అద్దానికి రుద్దడం పాత చిట్కా. నీరు బొట్లు కట్టకుండా పల్చటి పొరలా జారిపోవాలని ఆయన తాపత్రయం. ఆయన ధ్యాస కళ మీద కాదు, ఎదురుగా వచ్చే బస్సు మీద.

3. మైనం పూయుట

కడిగింది చాలు, ఇప్పుడు పాడుచేయాలి. కారుకు పూసే వ్యాక్స్ శ్రేష్ఠం. అది లేకపోతే కొవ్వొత్తి ముక్కను గాజుకు రుద్ది, మెత్తటి బట్టతో "ఇంకేమీ మిగల్లేదు" అనిపించేదాకా తుడవండి. అలా తుడిచాక కూడా మిగిలేదే మనకు కావలసింది. కొబ్బరినూనె వాడవచ్చునని చెప్పేవాళ్లుంటారు. వాడితే బొట్లు వాటి ఇష్టమొచ్చినట్టు ఈదుతాయి, గాజు మసకబారుతుంది, ఇల్లంతా ఆదివారం తలంటు వాసన వేస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక గొప్ప ఆలోచన వస్తుంది: తామరాకు. సంసారంలో ఉండి కూడా దేనికీ అంటకుండా ఉండాలని చెప్పడానికి మన పెద్దలు ఎప్పుడూ చూపించే ఆకు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ ఆ ఆకును సూక్ష్మదర్శినిలో పరిశీలించి 1997లో గుట్టు ప్రకటించారు. ఆకు నిండా కంటికి కనపడని బొడిపెలు, వాటి మీద మైనపు పలుకులు, ఆ సందుల్లో గాలి. బొట్టు ఆ కొసల మీద కూర్చుంటుంది. స్పర్శకోణం 150 డిగ్రీలు దాటుతుంది. అంటే ఇన్ని తరాలుగా మనం చెప్పుకుంటున్న వైరాగ్యం వెనక ఉన్నది పల్చటి మైనం పూత.

అయినా తామరాకు మన పనికి అక్కరకు రాదు. మీరు ఫోకస్ సరిచూసుకునేలోగా బొట్టు దొర్లిపోతుంది, పోతూ పోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతుంది. పూర్తిగా అంటేది పరుచుకుంటుంది, బొత్తిగా అంటనిది పారిపోతుంది. ఫోటోకు కావలసింది అంటీముట్టనట్టు ఉండే బొట్టు. మైనం గాజు మీద కోణం నూరు డిగ్రీలకు అటూ ఇటూ. అది చాలు.

4. బొట్లు పెట్టుట

మొక్కలకు చల్లే స్ప్రే సీసాతో చిన్న బొట్లు, సూది తీసేసిన సిరంజితో పెద్ద బొట్లు. ఆశకు పోయి మరీ పెద్దవి వేయకండి. మూడు మిల్లీమీటర్లు దాటేసరికి తలతన్యత మీద గురుత్వాకర్షణది పైచేయి అవుతుంది, బొట్టు దిబ్బరొట్టెలా చదునవుతుంది.

బోరు నీళ్లు వద్దు. ఆరితే తెల్లటి ఉప్పు వలయాలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. "ఇన్వర్టరుకా సార్, కారుకా?" అంటాడు. ఏదో ఒకటి చెప్పండి, ఫోటోకని మాత్రం చెప్పకండి. అందులో మందుల షాపు గ్లిజరిన్ సగానికి సగం కలపండి. గ్లిజరిన్ ఆవిరి కాదు, తేమను పట్టి ఉంచుతుంది. బొట్టు గంటల తరబడి కదలదు.

ఇప్పుడు ఫ్యాను ఆపండి. మే నెల అని నాకూ తెలుసు. గాలికి బొట్లు వణుకుతాయి, ఆపక తప్పదు. ఇంట్లోవాళ్లు అడిగితే ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ గురించి చెప్పండి. చిందిన పాలచుక్క కిరీటంలా లేచే క్షణాన్ని ఆయన 1930లలోనే ఫోటో తీశాడు. తృప్తి చాలక తీస్తూనే పోయాడు. లోకమంతా చూసిన రంగుల ఫోటో 1957 నాటిది. "అన్నేళ్లూ ఆయన ఇంట్లో ఫ్యాను ఆపారా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కాసేపటికి మీ నుదుటి మీది చెమట ఒక బొట్టు గాజు మీద పడుతుంది. తుడవకండి. నాకు బాగా కుదిరిన మొదటి ఫోటో దానిదే.

5. ఫోటో తీయుట

నాలుగు గ్లాసుల మీద గాజును నిలిపి, జానెడు కింద పువ్వును పెట్టండి. ప్రతి బొట్టూ ఒక కుంభాకార కటకం. నీటి వక్రీభవన గుణకం 1.33. కాబట్టి దూరంగా ఉన్న వస్తువు బొట్టులో బుల్లిగా, తలకిందులుగా కనిపిస్తుంది. ఇంత దగ్గర్నుంచి తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు మేర. ఊపిరి పీల్చడం మానేయండి. వదలడం కూడా.

ఫ్యాను లేని గదిలో చామంతి గంట తిరక్కుండా తల వాలుస్తుంది. మీ బుర్ర పనిచేయడం మొదలుపెట్టేది అప్పుడే. తలకిందులుగా కనిపిస్తుందంటే, తలకిందులుగా పెడితే సరిగ్గా కనిపించాలి కదా! బల్ల మీద పెళ్లి ఫోటో ఉంది. తల కిందికి తిప్పి గాజు కిందకు తోశాను. నూటికి పైగా బొట్లు. ప్రతి బొట్టులోనూ నేనూ ఆవిడా, బాసికాలతో, ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెడుతూ, నిటారుగా.

"ఏమండీ, మన పెళ్లి ఫోటో తలకిందులుగా ఎందుకుంది?"

ఇలాంటి సమయంలో వివరణ ఇవ్వకూడదు. కెమెరా చేతికివ్వాలి. ఆవిడ కన్ను పెట్టి చాలాసేపు చూసింది.

"అయితే తలకిందులుగా పెడితేగానీ మనం తిన్నగా కనపడమన్నమాట," అంది. తర్వాత, "ఫ్యాను వేస్తాను," అంది. అది అనుమతి అడగడం కాదు.

6. గాజును తిరిగి బిగించుట

చెమటకు ఆవిడ నుదుటి మీది స్టిక్కర్ బొట్టు ఊడివచ్చింది. అలవాటుగా చేతికి దగ్గరున్న గాజుకు అంటించింది. మైనం మీద అది అర నిమిషం కూడా ఆగకుండా జారి కింద పడింది. నెలల తరబడి ఏ అద్దానికైనా అతుక్కుని ఉండే బొట్టు, నేను ఒక పూటంతా కష్టపడి సిద్ధం చేసిన గాజు మీద నిలవలేకపోయింది.

కాబట్టి చివరిగా: గాజును అంట్ల సబ్బుతో రెండుసార్లు బాగా కడగండి. ఈసారి కడగడం తప్పు కాదు. ఆరాక ఫ్రేములో పెట్టి, మేకులు వంచి, ఫోటోను గోడకు తగిలించండి. తలవైపు పైకే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఆవిడ నేల మీద బొట్టు వెతికి తీసి, గాజుకు ఒక మూల నొక్కింది. నిలబడింది.