సార్టర్ మావయ్య పరీక్ష

విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మొత్తానికీ ఆయన సార్టర్ మావయ్యే. అసలు పేరు పెన్షన్ పుస్తకంలోనూ కరెంటు బిల్లులోనూ తప్ప ఎక్కడా కనపడదు. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసు ‘వై’ డివిజన్‌లో, నలభై ఏళ్లకు కాస్త తక్కువగా ఉత్తరాలు విడదీశారు. అందులో సగం సర్వీసు రైల్లోనే గడిచింది. హౌరా మెయిలుకు తగిలించిన తపాలా పెట్టెలో, అర్ధరాత్రి ఊగుతూ నిలబడి, ఎదురుగా గోడంతా పరుచుకున్న అరల్లోకి ఉత్తరాలు విసరడమే పని. తెల్లవారేసరికి కట్టలు కట్టి, సంచుల మూతికి లక్క ముద్ర వేసి, ఏ స్టేషనుది ఆ స్టేషనులో దింపేయాలి.

ఆయన చేరేనాటికి మన దేశంలో పిన్‌కోడ్ పుట్టలేదు. శ్రీరాం భికాజీ వేలంకర్ అనే అధికారి ఆలోచన అది; 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. అంతకుముందు సార్టర్ బుర్రే పిన్‌కోడ్. ‘రామాపురం పోస్టు’ అని రాసి జిల్లా మరిచిపోయిన ఉత్తరం వస్తే, ఏ ఊళ్లో ముద్ర పడిందో, అందుకోవాల్సినవాడి ఇంటిపేరేమిటో చూసి, అది కృష్ణా జిల్లాకు వెళ్లాలో కడప జిల్లాకు వెళ్లాలో తేల్చాలి.

‘‘చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుందిరా అల్లుడూ. పోల్చుకోవాలి. పెళ్లిపందిట్లో చుట్టాన్ని వెనకనుంచి చూసి గుర్తుపట్టమూ? అలాగే,’’ అనేవారు.

డివిజన్‌లో ఎవరికీ కొరుకుడుపడని కవరు చివరికి ఆయన చేతికే వచ్చేదట. రిటైరయ్యాక కూడా మా వీధిలో డాక్టర్ల మందుచీటీలు ముందు ఆయన అరుగు మీదికి వచ్చి, ఆ తర్వాతే మందుల షాపుకి వెళ్లేవి. ఆయనకూ అంతుపట్టని ఉత్తరం ఎప్పుడైనా తగిలితే, అది ఆర్.ఎల్.ఓ.కి, అంటే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి పోయేది. కవరు చించి లోపల ఏముందో చూసే అధికారం ఆ ఆఫీసుకే ఉంది. సార్టర్‌కి లేదు.

‘‘లక్షల ఉత్తరాలు ఈ చేత్తో పట్టుకున్నాను. ఒక్కదాని లోపల ఏముందో తెలీదు. మాదంతా పైచదువేరా!’’ అని నవ్వేవారు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు నిజంగానే పైచదువులకని అమెరికా వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్. మావయ్యకి ఆ ఫోనులో ఏది ఎక్కడ నొక్కాలో తెలీదు కాబట్టి ఆ వేళకి నేను అక్కడుండాలి. అలాంటి ఓ ఆదివారం, మాటల్లో మాటగా, అక్కడి తపాలా శాఖలో ఉత్తరాలు విడదీసేది మనుషులు కాదు, మిషన్లేనన్నాడు కొడుకు.

‘‘అచ్చులో ఉన్నవైతే మిషను చదువుతుందిలేరా. చేత్తో రాసినవో?’’ అన్నారు మావయ్య.

‘‘చేత్తో రాసినవి కూడా నాన్నా. కెమెరా కవరు ఫొటో తీస్తుంది. ముందు జిప్‌కోడ్ అంకెలు పట్టుకుంటుంది. తర్వాత ఇంటి నంబరు. ఆ జిప్‌కోడ్‌లో ఆ నంబరున్న ఇళ్లు ఏయే వీధుల్లో ఉన్నాయో దాని దగ్గర జాబితా ఉంటుంది. ఆ నాలుగైదు పేర్లలో ఈ గీతలు దేనికి దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. అంతే. అక్షరం అక్షరం కూడబలుక్కోదు.’’

‘‘అది మేం చేసిందేగా!’’

‘‘మీరు చేసిందే. కానీ అది నిద్రపోదు, సెలవు పెట్టదు, యూనియన్‌లో చేరదు.’’

ఆ మిషన్‌కి చేతిరాత నేర్పినవాళ్లలో మనవాడూ ఉన్నాడని కొడుకు చెప్పుకొచ్చాడు. బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో చదివిన సర్గూర్ శ్రీహరి బఫెలో విశ్వవిద్యాలయంలో అందుకోసం పెద్ద పరిశోధన కేంద్రమే నడిపాడట. 1990లలో మిషన్‌కి అర్థంకాని కవర్ల ఫొటోలు తెర మీద చూసి, విలాసం టైపు చేసి పంపడానికి మనుషులతో దేశమంతా కేంద్రాలు పెట్టారు. 1997 నాటికి అవి 55. మిషన్‌కి చదువు ఒంటబట్టినకొద్దీ ఒక్కోటీ మూసేస్తూ వచ్చారు. 2013లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా కేంద్రం కూడా మూతపడ్డాక మిగిలింది సాల్ట్ లేక్ సిటీ ఒక్కటే.

‘‘నువ్వు సరైన టైముకి రిటైరయ్యావు నాన్నా,’’ అన్నాడు కొడుకు.

మావయ్య ముఖంలో రంగు మారింది. మన దగ్గర ముంబైలో 1993లో మిషన్లు వచ్చాయి, ఆ తర్వాత చెన్నైకీ వచ్చాయి. ఆయన పనిచేసిన హాల్లో మాత్రం చివరిరోజు దాకా చేతులే. ‘‘నీ మిషను సంగతేంటో చూస్తాను. ఉత్తరాలు రాస్తాను, కాచుకో!’’ అని ఫోను నాకిచ్చేశారు.

మర్నాడే డజన్ల కొద్దీ కవర్లు తెప్పించారు. మొదటి కవరు మీద ఎడమచేత్తో రాశారు. రెండోదాని మీద జిప్‌కోడ్ ఎగ్గొట్టారు. ఇంకోదాని మీద వీధి పేరుని చెవికి వినపడ్డట్టు స్పెల్లింగు కట్టారు. ఒకదాని మీద సిరా ఆరకముందే తడిచేత్తో రుద్దారు. కిందనున్న యు.ఎస్.ఏ. ఒక్కటి మాత్రం పెద్దక్షరాల్లో, ముత్యాల్లా రాసేవారు.

‘‘అదొక్కటీ ఎందుకు మావయ్యా?’’

‘‘అది చూసేది మనవాళ్లురా. దేశం పేరు కనపడకపోతే ఇక్కడే కొట్టుమిట్టాడుతుంది. పాపం, వాళ్లనెందుకు ఏడిపించడం?’’

తెలుగులో రాసేస్తే మిషన్ పని ఒక్క దెబ్బతో సరి అని సలహా ఇచ్చాను. కోప్పడ్డారు. ‘‘రాని భాషలో రాసి, చదవలేదని చంకలు గుద్దుకోవడం పరీక్షేంట్రా? అన్యాయం కదూ!’’

మోకాళ్ల నొప్పుల వల్ల పోస్టాఫీసుకి ఆయన వెళ్లలేరు. వారానికో కవరు నేనే పట్టుకెళ్లి, కౌంటర్లో తూకం వేయించి, బిళ్లలు అంటించేవాణ్ని. ఒక్క కాగితం బరువు తూగేది. లోపల ఏం రాస్తున్నారో నేనెప్పుడూ అడగలేదు. అత్తయ్య పోయి ఏడాది దాటింది. ఆ ఇంట్లో పలకరించే మనిషి లేదు. మనసులో మాట కాగితం మీద పెట్టుకుంటున్నారు కాబోలు, పెట్టుకోనీ అనుకున్నాను.

కవర్లు చేరడం మొదలైంది. ఒక్కోటీ అందగానే కొడుకు దానికి ముందూ వెనకా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాడు. ముందువైపు, కింద కుడిమూల, సన్నటి నల్ల గీతల వరస. అదే విలాసం, మిషన్ భాషలో. వెనకవైపు నారింజరంగులో ఇంకో వరస. కవరు దారిలో ఉండగా దాని ఫొటో వేరేచోట ఎవరైనా చదవాల్సి వస్తే, చదివింది ఏ కవరుదో పోల్చుకోవడానికి ఆ నారింజ గీతలట.

ఎడమచేతిది చేరింది. జిప్‌కోడ్ లేనిది చేరింది. స్పెల్లింగు తప్పుది చేరింది. సిరా అలికింది కాస్త ఆలస్యమైంది గానీ చేరింది. అది బహుశా సాల్ట్ లేక్ సిటీలో మనిషి చూసి ఉంటాడన్నాడు కొడుకు. ఆ మాటకి మావయ్య ఎంత సంతోషించారో! ‘‘అయితే అక్కడ ఇంకా మనవాడొకడున్నాడన్నమాట!’’

ఒక్కటి మాత్రం నాకు వింతగా తోచింది. ఫొటోలు వచ్చినప్పుడల్లా మావయ్య ముందువైపు ఒకసారి చూసి వదిలేసేవారు. వెనకవైపు ఫొటోని మాత్రం నా చేత వేళ్లతో పెద్దది చేయించి, మూత అంచు పొడుగునా కళ్లద్దాలు సర్దుకుంటూ చూసేవారు. నారింజ గీతలు లెక్కపెడుతున్నారేమో అనుకున్నాను.

చివరి కవరు చేరిన ఆదివారం కొడుకు ఉత్సాహంగా ఫోను చేశాడు. ‘‘ఒక్కటి కూడా తప్పిపోలేదు నాన్నా! ఇప్పుడైనా ఒప్పుకో.’’

‘‘ఒప్పుకున్నానురా. మంచి మిషను. సరేగానీ, ఉత్తరాలు చదివావా?’’

అట్నుంచి ఒక్క క్షణం మాట రాలేదు.

‘‘చదవకపోవడమేంటి నాన్నా! ఒక్కోటీ రెండేసి సార్లు చదివాను. మరీ ఆ అమ్మ గురించి రాశావు చూడూ... కళ్లనీళ్లు ఆగలేదనుకో. మీ కోడలికి కూడా చదివి వినిపించాను.’’

‘‘అలాగా. మంచిది నాన్నా. చలికాలం, ఒళ్లు జాగ్రత్త,’’ అని మావయ్య ఫోను నా చేతిలో పెట్టారు.

అది కట్టేసి, ఉండబట్టలేక అడిగాను. ‘‘అత్తయ్య గురించి ఏం రాశారు మావయ్యా?’’

‘‘ఏమీ రాయలేదురా. పరీక్ష అడ్రసుకే కదా. ఖాళీ కవరైతే మిషన్లో మడతపడుతుందేమోనని ఒక్కోదాంట్లో ఒక్కో తెల్లకాగితం మడిచి పెట్టాను.’’

నాకు నోట మాట రాలేదు. ఆయనే అందుకున్నారు.

‘‘మిషను గట్టిదేరా, కాదన్ను. కానీ ఎంత గట్టిదైనా, ఉన్నదే కదా చదివింది? మావాడు చూడు, కవరు మూత కూడా చించకుండా, లేని ఉత్తరం చదివేశాడు. అదీ రెండేసి సార్లు!’’