పేలని బాంబు ఆత్మకథ

తాను పుట్టింది జపాన్‌లో, స్థిరపడింది విశాఖ బీచ్ రోడ్డులో. బాంబు తన కథ ఇలా మొదలుపెడుతుంది. డచ్ బంగ్లా అని పేరున్న సముద్రపుటొడ్డు పాత మేడ దాని మకాం. 1991 అక్టోబరు 8న విశాఖ మ్యూజియం తెరిచింది అక్కడే. నౌకాయాన చరిత్ర చెప్పే వస్తువులు, రాజవంశాల కత్తులు దాని ఇరుగుపొరుగు.

1942 ఏప్రిల్ 6, సోమవారం. రెండో ప్రపంచ యుద్ధ కాలం. కొలంబో మీద జపాన్ దాడి జరిగి ఒక్క రోజే అయింది. జపాన్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో వర్తక నౌకలను వేటాడుతోంది. సుమారు 20 ఓడలను ముంచేసింది. ఆ దళంలోని ర్యుజో అనే విమానవాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు కాకినాడ మీదికీ విశాఖ మీదికీ వచ్చాయి. వాటిలో ఒకదాని కడుపు కింద తానుంది.

విశాఖే ఎందుకు? ఓడరేవు కోసం. అప్పటికి దాని వయసు తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం సముద్రం చేరడానికి రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అండన కాలువ తవ్వారు. అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట కట్టారు. ఇంత కష్టపడి కట్టుకున్న రేవును క్షణాల్లో చెడగొట్టమని తనను పంపారని చెప్పేటప్పుడు బాంబు గొంతు తగ్గుతుంది.

తాను నేలను తాకింది గానీ పేలలేదు. పేలినవి వేరే ఉన్నాయి. వాటి మోతకు ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టింది.

ర్యుజో ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల దెబ్బకు మునిగింది.

బాంబు అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది ఓడల కథ. దాడికి ముందు ఏడాది, 1941 జూన్‌లో, రేవు పక్కనే సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. యుద్ధం ఆ పనులకు గండికొట్టింది గానీ ఆపలేకపోయింది. 1948 మార్చి 14న అక్కడే తయారైన 'జల ఉష' ఓడను నెహ్రూ నీళ్లలోకి దింపారు. ఆ రేవును కూల్చడానికి వచ్చిన తనకు అంతకన్నా తగిన జవాబు లేదంటుంది బాంబు. ఆ జవాబు దానికి నచ్చింది కూడా.

ఇప్పుడు సందర్శకుల్లో చాలామంది అదే రోడ్డు మీద ఒడ్డెక్కించిన కురుసురా జలాంతర్గామిని చూసి వెనక్కి తిరుగుతారు. 2002 నుంచి అదీ మ్యూజియమే, చూడదగ్గదే. కానీ యుద్ధానికి మనవాళ్లు ఎలా సిద్ధమయ్యారో చెప్పేది కురుసురా. యుద్ధం మన ఇళ్ల మీదికి ఎలా వచ్చిందో చెప్పే వస్తువు బంగ్లాలో ఉంది. పిల్లల్ని తీసుకుని అక్కడికీ రమ్మని బాంబు పిలుస్తోంది.