నాయినకు తెల్వనిదా!

మీతో చెప్పుకుంటే తప్పేముంది, మీ ఇంట్లోనూ పిల్లలుంటారు. "నాకు తెల్వదు" అనే మాట ఎరువుల దుకాణంలో నా నోటి నుంచి వస్తుంది, బ్యాంకులో వస్తుంది, మా ఇంటామె ముందైతే రోజుకు పదిసార్లు వస్తుంది. పిల్లల ముందు మాత్రం గొంతులోనే అడ్డం పడుతుంది.

2019 డిసెంబరులో హైదరాబాదులో చుట్టాల పెండ్లి పడింది. పెండ్లి ఆదివారం, మర్నాడు జూ పార్కు అని పిల్లలకు మాటిచ్చాను. కుల్కచర్లలో బస్సెక్కిన దగ్గర్నుంచి నా ఉపన్యాసమే. పరిగి దాటింది, మన్నెగూడ దాటింది, నా నోరు మూతపడలేదు. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్లు రాగానే "ఇవి అశోకుడు నాటించినవి" అనేశాను. బడిలో బట్టీ పట్టిన జవాబు, ఎక్కడో ఒకచోట వాడుకోవాలి కదా! ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, "నిజాం కాలం చెట్లు బిడ్డా ఇవి" అన్నాడు. ఆయన దిగేదాకా నేను కిటికీలోంచి ముఖం తిప్పలేదు.

సోమవారం పొద్దున్నే పెద్దోడికి అనుమానమొచ్చింది. "నాయినా, ఇయ్యాల తెరిచే ఉంటదా? ఫోన్ల చూద్దామా?"

"ఫోనెందుకురా, నాయినకు తెల్వనిదా!"

నేను జూ చూసింది చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకుపోతే, ఒక్కసారి. ఆ ధైర్యంతోనే మెహదీపట్నంలో ఆటో మాట్లాడాను. ఆటో అతను ఏదో చెప్పబోయాడు. కిరాయి పెంచుతాడేమోనని "చలో భాయ్, చలో" అన్నాను. ఆయనేం చెప్పబోయాడో బహదూర్‌పురాలో గేటు ముందు దిగాక అర్థమైంది. సోమవారం జూకి సెలవు! మంగలి షాపుకు మంగళవారం సెలవని ఎరుగుదును గానీ, పులులకు కూడా వారం ఉంటుందని నాకేం తెలుసు? పెండ్లి అయిపోయి ఊపిరి పీల్చుకుంటున్న చుట్టాల ఇంటికి మళ్ళీ నలుగురం పోయి నిలబడ్డాము. "ఉండండి, దానికేముంది" అన్నారు గానీ, ఆ రాత్రి పప్పు పలచబడింది.

మంగళవారం. లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతున్నాయి. "ఎక్కుదామా" అంది మా ఇంటామె. నేను నవ్వాను. నాలుగెకరాల ఆసామిని, రోజుకు మూడుసార్లు గట్ల వెంట తిరిగే వాణ్ణి, నన్నా బండెక్కమనేది? ఆ జూ 380 ఎకరాలని పెద్దోడు చదివి చెప్పేదాకా నా నవ్వు ఆగలేదు. చెప్పాక ఆగింది కానీ, అప్పటికే "నడుద్దాం" అని అనేశాను. అన్నమాట వెనక్కి తీసుకుంటే మొగతనానికి మచ్చ. ఇలాంటి మచ్చలు తప్పించుకోబోయే నా మోకాళ్ళు ఇట్లా తయారయ్యాయి.

ఇక జంతువుల సంగతి. ఒక బోను ముందు "ఇదీ తోడేలు" అన్నాను. "దుమ్ములగొండి అని రాసుంది నాయినా" అంది చిన్నది. ఇంకోచోట చిరుత అన్నాను. పెద్దోడు బోర్డు చదివాడు, జాగ్వార్. "అదే, అమెరికా చిరుత" అని సర్దబోతే వాడు ఊరుకున్నాడా? ఫోన్ తీసి, ఒంటి మీద గుండ్రటి మచ్చల నడుమ మళ్ళీ నల్ల చుక్కలుంటే జాగ్వార్, లేకుంటే చిరుత అని నాకే పాఠం చెప్పాడు. గలపగోస్ తాబేలు దగ్గర బోర్డు వైపు చూడకుండా "దీనికి మూడు వందల ఏండ్లు" అన్నాను. 1963లో ఈ జూ తెరిచినప్పుడు బాగే ఆమ్ తోట నుంచి తెచ్చిన పాత కాపది. 2024లో అది చనిపోతే, సుమారు 125 ఏండ్లని పేపర్లో వేశారు. ఆ ముక్క కత్తిరించి నా చెప్పుల మీద పెట్టింది మా చిన్నది. పిల్లలు దేన్నీ మరిచిపోరు, మనం వాళ్ళకిచ్చిన పైసలు తప్ప.

సింహం దగ్గర అసలు కథ. అది పడుకొని ఉంది. "లేస్తలేదు" అని చిన్నది మూతి ముడిచింది. "ఆగు బిడ్డా, నేను లేపుత." రాత్రిపూట చేన్లోంచి అడవిపందుల్ని తరిమే కేక ఒకటుంది నా దగ్గర, పక్క తండా దాకా వినపడుతుంది. చుట్టూ చూశాను, పట్నం జనం చాలామందే ఉన్నారు, రొమ్ము విరిచాను, ఊపిరి పట్టాను, కేకేశాను. ఒకాయన చేతిలో ఐస్‌క్రీం జారింది, ఎవరో చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది, మా ఇంటామె నాలుగడుగులు పక్కకు జరిగి మేము వేరే వేరే అన్నట్టు నిలబడింది, ఎక్కణ్ణుంచో విజిల్ మోగింది, కావలాయన ఉరికొచ్చి "ఏ ఊరు మీది?" అన్నాడు.

"హైదరాబాదే" అన్నాను నేను.

"కాదు సార్" అంది చిన్నది, "కుల్కచర్ల. పాంబండ గుడి లేదా, ఆ దిక్కు."

సింహం ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది. మళ్ళీ మూసుకుంది.

ఆ తర్వాత నేను నోరెత్తలేదు. కాళ్ళు కూడా ఎత్తలేకపోయాను. ఒకచోట చెట్టు కింద కూలబడి, వచ్చిన బ్యాటరీ బండికల్లా చెయ్యెత్తాను. నిండిన బండ్లు నిండినట్టే పోయాయి. అందులోంచి ఎవరో పిల్లవాడు నాకు టాటా చెప్పాడు.

పోతూ పోతూ నెమళ్ళ దగ్గర ఆగి ముప్ఫై నలభై ఫొటోలు తీశాను. జాలీ వెనక, వంగి, కూచొని, పిల్లల్ని అటు జరిపి ఇటు జరిపి. పెద్దోడు ఓపికపట్టి, "నాయినా, ఇవి మన కంది చేన్లకు వచ్చేటియే గద?" అన్నాడు. వినపడనట్టు ఇంకో ఫొటో తీశాను.

ఊరికొచ్చిన మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకొని చేనుకు పోతుంటే చిన్నది వెంటపడింది. కందికాయల మధ్య ఆరేడు నెమళ్ళు తీరిగ్గా ఏరుకు తింటున్నాయి. డబ్బా మీదికి కట్టె ఎత్తాను.

"నాయినా, ఇది మంచి జూ" అంది చిన్నది. "సోమారం గూడ తెరిచే ఉంటది."

కొట్టాలా వద్దా అని నేను కట్టె ఎత్తి నిలబడి ఉండగానే, అవి ఆ సాలు ముగించి పక్క సాలులోకి దిగాయి.