కమ్యూనిటీ కోరుతోంది!

లైంగిక దాడి కేసుపై చేసిన వ్యాఖ్యల గొడవలో 2019లో రాజీనామా చేసి వెళ్ళిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ పితామహుడు రిచర్డ్ స్టాల్‌మన్ 2021 మార్చిలో మళ్ళీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బోర్డులో ప్రత్యక్షమయ్యాడు. వెంటనే రెండు బహిరంగ లేఖలు బయలుదేరాయి. ఆయన్ని దించాలని ఒకటి, ఉంచాలని ఇంకొకటి. దించమన్న దానికి మూడు వేలు దాటి సంతకాలు, ఉంచమన్న దానికి ఆరు వేలు దాటి. అటువాళ్ళకు ఇటువాళ్ళు స్త్రీద్వేషులు, ఇటువాళ్ళకు అటువాళ్ళు కొత్త మతం పుచ్చుకున్న ఛాందసులు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ కోసం ప్రాణాలైనా ఇస్తామనే ఈ రెండు శిబిరాలూ సంతకాల బల్ల ఎక్కడ వేసుకున్నాయనుకున్నారు? గిట్‌హబ్‌లో. మైక్రోసాఫ్ట్ 2018లో 750 కోట్ల డాలర్లకు కొన్న గిట్‌హబ్‌లో. కోట్ల మంది కోడ్ దాచుకునే ఆ సైటు తన కోడ్ మాత్రం ఎవరికీ చూపించదు. స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు దానికి నీతి పరీక్షలో ఎప్పుడో ఫెయిల్ మార్కు వేసింది. అయినా లేఖ ఫైల్లో మీ పేరు ఒక వరుసగా చేర్చి, పుల్ రిక్వెస్ట్ పంపితే చాలు, విప్లవం పూర్తి. ప్రతివిప్లవానికీ అదే పద్ధతి.

గిట్‌హబ్ కూడా ప్రగతిశీలమే సుమండీ. వలసదారులను పట్టి దేశం దాటించే అమెరికా ప్రభుత్వ సంస్థ ‘ఐస్’తో ఒప్పందం మానుకోమని 2019లో సొంత ఉద్యోగులే అడిగారు. ఆ ఒప్పందం విలువ రెండు లక్షల డాలర్ల లోపేనని చెప్పిన యాజమాన్యం, దాన్ని మాత్రం వదులుకోలేదు. బదులుగా వలసదారులకు సాయపడే సంస్థలకు ఐదు లక్షల డాలర్ల విరాళం ప్రకటించింది. పుణ్యం, పాపం రెండూ ఒకే ఖాతాలో. మరుసటి ఏడు జాతివివక్ష మీద ఉద్యమం వీధికెక్కగానే బానిసత్వాన్ని గుర్తుచేస్తోందని కొత్త ప్రాజెక్టుల్లో ‘మాస్టర్’ బ్రాంచి పేరును ‘మెయిన్’ చేసింది. దాంతో ఆన్‌లైన్ లోకం రెండుగా చీలి నెలల తరబడి కొట్టుకుంది. ఐస్ ఒప్పందం సంగతి ఆ గోలలో ఎవరికి గుర్తుంది? ఇల్లు అలకగానే పండగ చేసుకున్నవాళ్ళు కొందరైతే, అలికినందుకు ఇల్లే కూలిందని ఏడ్చినవాళ్ళు కొందరు.

ఈ రెండో బాపతు గురించి కూడా చెప్పాలి. ‘సాఫ్ట్‌వేర్‌లోకి రాజకీయాలు తేవద్దు, కోడ్ చూసి మాట్లాడండి’ అంటారు వీళ్ళు. కాపీరైట్ చట్టాన్ని పట్టుకుని, పంచుకోక తప్పని షరతుగా తిప్పి రాసిన జీపీఎల్ లైసెన్సు రాజకీయం కాక ఏమిటో! వీళ్ళు రోజూ తింటున్న ఉచిత భోజనం ఎవడో పట్టుబట్టి చేసిన రాజకీయమే. తిన్నంతసేపూ అది ఇంజినీరింగ్, బిల్లు అడిగితే రాజకీయం.

మనవాళ్ళు ఏం తక్కువ తిన్నారు? ‘స్వేచ్ఛ’ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కుర్రకారు కూర్చుని మెనూలు తెలుగులోకి తెస్తే, ఆ తెలుగు నోటికి పట్టడం లేదని ఫేస్‌బుక్‌లో పేరాలు రాసేవాళ్ళకు కొదవ లేదు. వచ్చి ఒక్క వరుస దిద్దిపెట్టండయ్యా అంటే మాత్రం టైం ఉండదు.

డబ్బు దగ్గరా ఇదే తీరు. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, ఇంటర్నెట్‌లో సింహభాగానికి తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల చిల్లర అని తెలిసి లోకం ముక్కున వేలేసుకుంది. ఆ వేలు తీయడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అసలు కథ ఎక్స్‌జెడ్‌ది. ఫైళ్ళను కుదించే ఈ చిన్న సాధనం లైనక్స్ నడిచే చోట దాదాపు ప్రతిచోటా ఉంటుంది. ఫిన్లండ్‌కు చెందిన లాసే కొలిన్ జీతం బత్తెం లేకుండా ఏళ్ళ తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. 2022లో జిగర్ కుమార్ అన్న పేరుతో ఒకరు, డెనిస్ ఎన్స్ అన్న పేరుతో మరొకరు ఆయన మీదికి ఉత్తరాలు సంధించారు. ప్యాచ్‌లు ఇన్నాళ్ళు ఎందుకు మూలుగుతున్నాయని ఒక నిలదీత. కొత్త మెయింటెయినర్ వస్తే గాని బండి కదలదని ఒక తీర్పు. చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదని, పైగా ఇది డబ్బు రాని వ్యాపకమని కొలిన్ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. జవాబుగా సానుభూతి ఒక వాక్యం పడేసి, ఎవరి పరిమితి వాళ్ళు తెలుసుకోవాలని, కమ్యూనిటీ ఇంకా ఎక్కువ కోరుతోందని హితబోధ వచ్చింది. అప్పటికే 2021 నుంచీ జియా టాన్ అనే పేరుతో ఒక సౌమ్యుడు ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతున్నాడు. అలసిపోయిన మనిషి చివరికి తాళాలు ఆయన చేతికిచ్చాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌జెడ్ 5.6.0 వెర్షన్లో దొంగ తలుపు (బ్యాక్‌డోర్) దిగింది.

ఆ గొంతులన్నీ ఒకే గూటివని తవ్వి చూసినవాళ్ళ అనుమానం. జియా టాన్ ఎవరో నేటికీ తేలలేదు. ఎవరైనా గాని, మనల్ని క్షుణ్ణంగా చదువుకున్న ఘటికుడు. అభ్యుదయవాది నుంచి ‘కమ్యూనిటీ బాధ్యత’ తీసుకున్నాడు, ప్రతిభావాది నుంచి ‘చేతకాకపోతే దిగిపో’ తీసుకున్నాడు, రెండూ కలిపి ఒక రోగి నెత్తిన మోపాడు. ఆ ఉత్తరాలు అందరి కళ్ళముందే ఉన్నా రెండేళ్ళపాటు ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? మనం రోజూ రాసే ఉత్తరాల్లాగే ఉన్నాయి మరి.

పట్టుకున్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తూ పోయి, 2024 మార్చి 29న గుట్టు విప్పాడు. ఆయన మైక్రోసాఫ్ట్ జీతగాడు కావడం రెండు శిబిరాలకూ కాస్త ఇబ్బందే. ఇక వ్యాసాల వాన. తప్పు పెట్టుబడిదారీ విధానానిదని ఒకరు, ఊరూ పేరూ లేనివాళ్ళను నమ్మడమే తప్పని ఇంకొకరు. గిట్‌హబ్ ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు జియా టాన్ ఖాతాతో పాటు కొలిన్ ఖాతాను కూడా మూసేసింది, తర్వాత కొలిన్‌ది తెరిచింది.

వ్యాసాలు రాసినవాళ్ళు అక్కడి నుంచి వేరే తగాదాకు వెళ్ళిపోయారు. దొంగ తలుపు పీకి శుభ్రం చేసిన 5.6.2 మే 29న వచ్చింది. విడుదల చేసింది లాసే కొలినే.